నాన్న తలలో బల్బెందుకురా?

నాన్న పోయాక బైక్ మెకానిక్ షాపు ఖాళీ చేయాల్సి వచ్చింది. పాత ఇనుప సామాను కొనే అతను కాటా పట్టుకుని వచ్చాడు. అరిగిన చైన్లు, స్ప్రాకెట్లు, క్లచ్ ప్లేట్లు, బేరింగులు... అన్నీ కలిపి కిలోకి ఇంత! నాన్న చేయి పడిన ప్రతిదీ అలా తూకానికి పోతుంటే చూడలేకపోయా. ‘నెలాగి రా తమ్ముడూ’ అని పంపించేశా.

రోజూ రాత్రి షట్టర్ దించాక నాన్న పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ‘ఏం ఆలోచిస్తున్నావ్ నాన్నా?’ అంటే, ‘ఏం లేదురా, ఊరికే చూస్తున్నా’ అనేవాడు. కళ్లు మూసుకుని చూడటమేంటో నాకు అర్థమయ్యేది కాదు. ఆ కూర్చున్న నాన్ననే ఈ సామానుతో బొమ్మగా చేయాలనిపించింది.

ధైర్యమిచ్చిన పెద్దాయన

పనికిరాని వాటితో ఎంత చేయొచ్చో నేక్‌చంద్ కథ చదివాకే తెలిసింది. ఆయన చండీగఢ్‌లో రోడ్ ఇన్‌స్పెక్టర్. 1957 ప్రాంతంలో సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో రహస్యంగా బొమ్మలు చేయడం మొదలుపెట్టారు. అక్కడ కట్టడాలు నిషేధం. దాదాపు 18 ఏళ్ల తర్వాత అధికారుల కంటపడింది. కూల్చేస్తారేమో అనుకుంటే, జనం మద్దతుతో అది నిలబడింది. 1976లో ‘రాక్ గార్డెన్’గా తెరుచుకుంది. ఆయనకు 1984లో పద్మశ్రీ వచ్చింది. మన తెనాలిలోనూ సూర్య శిల్పశాల వాళ్లు ఇనుప నట్లతో గాంధీ విగ్రహం చేశారు.

ఇంకేం, పని మొదలుపెట్టా. చైన్లను డీజిల్‌లో నానబెట్టి గ్రీజు వదిలించా. జింకు పూత ఉన్న ముక్కల్ని పక్కన పెట్టేశా. వాటిని వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. చైను లింకుల్ని ఒక్కొక్కటిగా అతికిస్తే వెన్నెముక అయింది. బేరింగులు మోకాళ్లయ్యాయి. తలకి హెడ్‌లైట్ రిమ్ పెట్టా.

లోపల చైతన్యం ఉందని చూపించాలిగా! రిమ్ మధ్యలో ఎల్ఈడీ బల్బు బిగించా. స్విచ్ వేశా. అమ్మ కాసేపు చూసి, ‘నాన్న తలలో బల్బెందుకురా?’ అంది.

నిజమే. అచ్చం టేబుల్ ల్యాంప్‌లా ఉంది.

ఖాళీలోంచి చూస్తే...

బల్బు పీకేశా. మిగిలింది గుండ్రటి ఖాళీ. అందులోంచి పెరట్లో మల్లెపందిరి కనిపించింది. ఒక కాకి వచ్చి వెళ్లింది. ఎండ వచ్చింది, పోయింది. ఆ రిమ్ దేన్నీ ఆపలేదు, దేన్నీ పట్టుకోలేదు.

వేదాంతంలో ఘటాకాశం అని ఒక పోలిక చెబుతారు. కుండలో ఉన్న ఆకాశం, బయటి ఆకాశం ఒక్కటే. కుండ పగిలితే లోపలి ఆకాశం ఎక్కడికీ పోదు. శుద్ధ చైతన్యమూ అలాంటిదేనట. ఆలోచనలు, బాధలు వచ్చిపోతుంటాయి. వాటిని చూసే ఎరుక మాత్రం అలాగే ఉంటుంది. దాన్నే సాక్షి అంటారు. విన్నప్పుడు ఎక్కని మాట, ఆ ఖాళీ రిమ్ ముందు కూర్చుంటే కొంచెం ఎక్కింది. నేను చేసిన పనల్లా బల్బు తీసేయడమే!

నెల తిరక్కుండానే కాటా మళ్లీ వచ్చింది. మిగిలిందంతా ఇచ్చేశా. నాన్న పానాలు కూడా తూకంలో పడ్డాయి. గొంతులో ఏదో అడ్డుపడింది. అయినా ఈసారి కళ్లు తిప్పుకోలేదు.

‘ఏమైందన్నా, అలా ఉన్నావ్?’ అన్నాడతను.

‘ఏం లేదు తమ్ముడూ, ఊరికే చూస్తున్నా’ అన్నా.