తినబోతూ నక్షత్రాలెందుకు?

తినబోతూ రుచులెందుకని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఈనాడు తినబోయే ముందు మనం అడిగేది రుచులు కాదు, నక్షత్రాలు. హాస్టల్లో మెస్సు లేని పూట నలుగురు మిత్రులం ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర కలుసుకుని, తార్నాక చేరేలోగా ఫోన్లో హోటళ్లన్నీ జల్లెడ పట్టేస్తాం. నాలుగుకు తగ్గిందా, ఆ హోటలు మన లెక్కలో లేనట్టే! ఈ నక్షత్రాలు ఎలా పుడతాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే నేనిక్కడ చెప్పదలచుకున్నది. ఈ ఆలోచన నాకు పుస్తకాల వల్ల రాలేదు, మా నాన్న వల్ల వచ్చింది.

కిందటేడు నాన్న నల్లగొండ జిల్లాలోని మా ఊరి నుంచి మొదటిసారి నన్ను చూడటానికి వచ్చాడు. మంచి భోజనం పెట్టించాలని ఫోన్లో వెతికి, 4.6 ఉన్న ఒక హోటలుకు తీసుకెళ్లాను. అన్నం చల్లారిపోయి ఉంది. కూర మీద నూనె తేలుతోంది. నాన్న నాలుగు ముద్దలు తిని, మెల్లగా అడిగాడు:

"బిడ్డా, ఇంతకుముందు ఈడ తిన్నవా?"

"లేదు బాపూ, మంచిగుందని ఫోన్ల రాసిండ్రు."

"ఎవరు రాసిండ్రు?"

నా నోట మాట రాలేదు. రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి! ఆ హోటలు తెరిచిన కొత్తలో అటుగా పోతుంటే ఒక కుర్రాడు క్యూఆర్ కోడ్ చూపించి, అయిదు నక్షత్రాలిస్తే కూల్‌డ్రింకు ఫ్రీ అన్నాడు. ఇచ్చాను, తాగాను, వచ్చేశాను. అక్కడ మెతుకు ముట్టింది లేదు. ఆనాడు బిల్లు నాన్నే కట్టాడు. అది ఆయన ఒకరోజు కూలి కంటే ఎక్కువ.

ఆ తర్వాత ఈ సంగతి కొంత చదివాను. మొదటిది లెక్క. ఆరుగురు అయిదేసి ఇస్తే సగటు 5. ఏడోవాడు ఒక్కటిస్తే 31ని 7తో భాగించాలి, అది సుమారు 4.4కు పడిపోతుంది. అదే రెండు వేల మంది కలిసి 4.1 ఇచ్చిన చోట ఒకరి కోపం గానీ, ఒకరి కూల్‌డ్రింకు గానీ ఆ అంకెను కదిలించలేదు. కాబట్టి ఎన్ని నక్షత్రాలు అన్నదానితో పాటు ఎంతమంది ఇచ్చారన్నదీ చూడాలి.

రెండోది, రాసేదెవరు? బాగా మెచ్చినవాడూ, బాగా మండినవాడూ రాస్తారు. మామూలుగా తిన్నవాడు చెయ్యి కడుక్కుని వెళ్లిపోతాడు. అందుకే మూడు నక్షత్రాల వాళ్లు రాసింది చదివితే నిజం కాస్త దొరుకుతుంది. తేదీ కూడా చూడాలి. వంటమనిషి మారితే పాత పొగడ్తకు విలువ లేదు. పార్సిలు ఆలస్యమైందని ఒక నక్షత్రం ఇచ్చినవాడు చెప్పేది పప్పు సంగతి కాదు, ట్రాఫిక్ సంగతి!

మూడోది డబ్బు. 2011లో హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన మైకేల్ లూకా అమెరికాలోని సియాటిల్ నగర హోటళ్ల లెక్కలు తీసి, ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేల్చారు. పెద్ద పేరున్న గొలుసు హోటళ్లకు కాదు, సొంతంగా నడుపుకునే హోటళ్లకే ఈ తేడా కనిపించింది. మరి కూల్‌డ్రింకు ఊరికే ఇస్తారా? 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే రచయిత తన పెరట్లోని షెడ్డును హోటలని చెప్పి, స్నేహితులతో మెప్పులు రాయించి, ట్రిప్‌అడ్వైజర్‌లో ఆ నగరంలోకెల్లా మొదటి స్థానానికి ఎక్కించాడు. అప్పటికి అక్కడ ఒక్కరికీ వడ్డించింది లేదు! మన దేశంలో కూడా ఇలాంటి వాటిని అరికట్టడానికి 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. అయితే అది స్వచ్ఛందంగా పాటించవలసినదిగానే వచ్చింది.

ఇంకొక మాట. నక్షత్రాలు రుచి చెబితే చెప్పవచ్చు గాని, శుభ్రత చెప్పలేవు. హోటల్లోకి వెళ్లగానే గోడ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి 14 అంకెల నంబరు ఉందేమో చూడండి. వీలైతే వంటగది వైపు ఒక చూపు వెయ్యండి. ఇక ఒంటికి ఏది మేలన్నది నక్షత్రాలకు అసలే తెలియదు. అందుకు మన పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థ, 2024లో భారతీయుల ఆహారానికి 17 సూత్రాలతో మార్గదర్శకాలు వెలువరించింది. హోటలు వెతికే ఫోన్లోనే వాటినీ ఒకసారి చదవవచ్చు.

అలాగని నక్షత్రాలన్నీ అబద్ధమని నేననను. కొత్తగా వచ్చిన విద్యార్థికి అవి దారి చూపుతాయి. పెద్ద బోర్డు పెట్టుకునే స్తోమత లేని చిన్న మెస్సుకు నాలుగు మంచి మాటలు నాలుగు గిరాకీలు తెస్తాయి. అందుకే అబద్ధపు నక్షత్రం మనల్నే కాదు, పక్క వీధిలో నిజంగా బాగా వండే మనిషిని కూడా ముంచుతుంది.

ఆ రాత్రే నా అయిదు నక్షత్రాలు తీసేశాను. మర్నాడు పొద్దున నాన్నను హాస్టలు మిత్రుడు చెప్పిన ఇడ్లీ బండి దగ్గరికి తీసుకెళ్లాను. వేడి వేడి ఇడ్లీలు తిని, "ఇది ఎవరు రాసిండ్రు?" అని నవ్వాడు.

మిత్రులారా, చదివేటప్పుడు అనుమానంతో చదవండి. రాసేటప్పుడు మాత్రం మీ మాట నమ్మి రేపు మీ నాన్నే అక్కడికి వస్తాడనుకుని రాయండి.