పాత కారు మారుస్తున్నారా? డెల్టా రైతు రంగు కన్నా ముందు అడుగు చూడాలి

పాలకొల్లు, యలమంచిలి, పోడూరు, ఆచంట మండలాల ఊళ్లలో పన్నెండు, పదిహేనేళ్ల క్రితం కొన్న చిన్న కార్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాత ఆల్టో, శాంట్రో, ఇండికా, మొదటి తరం వ్యాగనార్. పొలానికి, చెరువు గట్టుకు, భీమవరం ఆసుపత్రికి అవే ఆధారం. దాళ్వా ధాన్యం సొమ్ము చేతికి వచ్చినప్పుడో, చెరువు పట్టుబడి బాగున్నప్పుడో బండి మార్చాలన్న ఆలోచన వస్తుంది. కొత్త కారుకు స్తోమత లేనివారు సెకండ్‌హ్యాండ్ వైపు చూస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే హైదరాబాదులో పనికొచ్చే సలహాలు మాత్రమే ఇక్కడ సరిపోవు. మన దగ్గర కారును తినేసేవి ఉప్పుగాలి, ఉప్పునీరు, వరద.

ముందు ఉన్న బండిని జాక్ ఎక్కించండి

పాత కారు అమ్మాలా, బాగు చేయించుకోవాలా అన్నది దాని అడుగుభాగం చూసి తేల్చుకోవాలి. క్లచ్ ప్లేటు, రేడియేటర్, షాక్ అబ్జార్బర్లు, ఏసీ వంటివి ఒకసారి మార్పిస్తే తీరిపోయే ఖర్చులు. వాటి కోసం బండి వదిలించుకోవడం తొందరపాటే. తలుపుల కింది పట్టీలు, ఫ్లోరు, ముందు షాక్ అబ్జార్బర్లు కూర్చునే చోటు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగుతుంటే మాత్రం ఆ బండి మీద ఇక రూపాయి పెట్టవద్దు. రేకు అతికి వెల్డింగ్ చేయించినా ఆ పక్కనే మళ్లీ తుప్పు తింటుంది. ప్రమాదం జరిగితే మనిషిని కాపాడాల్సింది ఆ ఇనుమే.

15 ఏళ్లు నిండితే కారు తుక్కే అని కొందరు బ్రోకర్లు భయపెట్టి చవగ్గా కొనేస్తుంటారు. నమ్మవద్దు. వయసును బట్టి బండి తిరగకూడదన్న ఆంక్షలు వచ్చింది ఢిల్లీ పరిసరాల్లో. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిసినా, ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. రుసుము మాత్రం పెరిగింది. 600 రూపాయలుగా ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. కొనబోయే కారుకు ఆర్సీ గడువు ఎన్నేళ్లు మిగిలిందో చూసి బేరం ఆడాలనడానికి కారణం ఇదే.

మోడల్ కన్నా ముందు సంవత్సరం

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అయ్యాయి. అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 2022 మొదలు ముందు సీట్లు రెండిటికీ ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. వానకు తడిసిన కాలువ గట్టు రోడ్డు మీద గేదె అడ్డొచ్చి గట్టిగా బ్రేకు తొక్కితే మామూలు కారు చక్రాలు పట్టేసి, స్టీరింగ్ తిప్పినా మాట వినకుండా జారుతుంది. ఒకవైపు కాలువ, మరోవైపు చెరువు ఉన్న రోడ్లలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ఏబీఎస్ ఉంటే బ్రేకు తొక్కి ఉంచి కూడా బండిని పక్కకు తిప్పుకోవచ్చు. ముప్పై, నలభై వేలు ఎక్కువ పెట్టాల్సి వచ్చినా 2019 తర్వాతి బండికే మొగ్గమని మా సలహా. మ్యూజిక్ సిస్టమ్, అల్లాయ్ వీల్స్ ఉన్నాయని పాత బండికి అదే ధర పెట్టడం దండగ.

ఇథనాల్ సంగతి కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో పైపులు, సీళ్లు దీనికి తట్టుకునేలా పెడుతున్నారు. అంతకుముందు బండి కొంటే మైలేజీ కొంత తగ్గుతుందని లెక్కలో వేసుకోండి. పెట్రోలు పైపులు, రబ్బరు సీళ్లు పగుళ్లిచ్చాయేమో మెకానిక్కుతో చూపించండి.

ఏది తీసుకోవాలి?

రోజుకు ఇరవై, ముప్పై కిలోమీటర్లు తిరిగే రైతుకు పెట్రోలు కారే మేలు. డీజిల్ మైలేజీ చూసి ఆశపడితే ఇంజెక్టర్లు, టర్బో ఒక్కసారి పోయినప్పుడు మిగిల్చిందంతా అక్కడే పోతుంది. మారుతి కంపెనీ 2020లోనే డీజిల్ కార్లు ఆపేసింది. ఢిల్లీ ఆంక్షల తర్వాత అక్కడి డీజిల్ కార్లు మన వైపు కూడా చవగ్గా వస్తున్నాయి. వేరే రాష్ట్రం బండికి ఎన్‌వోసీ తెప్పించి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు వేయించాలి. ఆ లెక్క వేస్తే చవక ఎక్కడా కనిపించదు.

షెవర్లే అమ్మకాలు 2017తో ఆగిపోయాయి. ఫోర్డ్ 2021లో తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. బీట్, ఫిగో, గో కార్లు తక్కువ ధరకు దొరకడానికి కారణం అదే. ఫిగో మంచి బండే, కాదనం. కానీ చిన్న పార్టు కోసం విజయవాడకు ఫోన్ చేసి నాలుగు రోజులు ఎదురుచూడాల్సిన బండి రైతుకు ఎందుకు? మీ ఊరి మెకానిక్కు కళ్లు మూసుకుని విప్పగలిగేది, పార్టు పాలకొల్లులోనో భీమవరంలోనో అదే రోజు దొరికేది అయితే చాలు. ఆ లెక్కన ఆల్టో, వ్యాగనార్, సెలెరియో, గ్రాండ్ ఐ10, టియాగో మిగులుతాయి.

వీటిలో సామాను అవసరం ఉన్నవారికి 2019లో వచ్చిన వ్యాగనార్ నప్పుతుంది. దాని డిక్కీ 341 లీటర్లు, ఆల్టో 800 డిక్కీ 177 లీటర్లే. మేత బస్తాలు, కొబ్బరికాయలు వేసుకునేవారికి ఈ తేడా రోజూ తెలుస్తుంది. హైవే మీద కుటుంబంతో ఎక్కువ తిరిగేవారు టియాగో చూడవచ్చు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2020లో టియాగోకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. వ్యాగనార్‌కు అంతకుముందు ఏడాది రెండే వచ్చాయి. ఆల్టో 800 ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది, అది తెగితే ఖర్చు పెద్దది. మార్చిన బిల్లు చూపించకపోతే కొన్న వెంటనే మార్పించుకోండి. కె10, వ్యాగనార్ 1.0 ఇంజిన్లకు చైను కాబట్టి ఆ బాధ లేదు.

సీఎన్‌జీ బండిలో సిలిండరే డిక్కీని మింగేస్తుంది. అయినా కావాలనుకుంటే కిట్ సంగతి ఆర్సీలో ఎక్కిందా, మూడేళ్లకోసారి చేయించాల్సిన సిలిండర్ పరీక్ష అయిందా అన్నవి చూడాలి.

ఉప్పు తిన్న బండి, నీట మునిగిన బండి

నరసాపురం, మొగల్తూరు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లు, రొయ్యల చెరువుల మధ్య తిరిగిన బండ్లు పైకి మెరుస్తూనే ఉంటాయి. బోరు నీరు ఉప్పగా ఉండే చోట ఆ నీళ్లతోనే రోజూ కడిగి ఉంటారు కూడా. శుభ్రంగా ఉంచుకున్నామనుకుంటారు, తుప్పును పెంచుతుంటారు. కాబట్టి కారును సర్వీసు షెడ్డులో లిఫ్టు ఎక్కించి చూపించనిదే అడ్వాన్సు ఇవ్వవద్దు. సైలెన్సర్ పైపు, బ్రేకు పైపులు, వెనక యాక్సిల్, జాక్ పెట్టే చోట్లు, స్టెప్నీ కింది గుంట టార్చి వేసి చూడాలి. అడుగంతా కొత్తగా నల్లటి కోటింగ్ వేసి ఉంటే సంతోషించకండి. అమ్మే ముందు తుప్పు కనిపించకుండా వేయించే అలవాటు ఉంది. వేలితో తట్టితే మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు బొద్దుగా పలుకుతుంది.

వరద బండి ఇంకా ప్రమాదం. చెన్నైలో 2015, 2023 డిసెంబర్లలో, హైదరాబాదులో 2020 అక్టోబరులో, విజయవాడలో 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో వేలాది బండ్లు మునిగాయి. బాగు చేసిన బండ్లు ఊళ్లు దాటి అమ్ముడవుతాయి. నీరు దిగిన ఆరు నెలలకో ఏడాదికో వైరింగ్ కనెక్టర్లలో పచ్చగా చిలుము పట్టి, ఒకరోజు లైట్లు, మరో రోజు సెన్సర్లు మొరాయిస్తాయి. దీనికి శాశ్వతమైన మరమ్మతు లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. చివర బురద మరక ఉంటే బండి మునిగినట్టే. సీట్ల కింది బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద ఇసుక ఉందా, హెడ్‌లైట్ల లోపల చెమ్మ ఉందా చూడండి. ఘాటైన సెంటు కొట్టి ఉంటే ఆ వాసన కింద ఏముందో అనుమానించండి. ఇన్సూరెన్స్ క్లెయిముల వివరం, కంపెనీ సర్వీసు చరిత్ర అడగండి. ఇవ్వనంటే ఆ బండి వదిలేయడమే మంచిది.

ఇంజిన్ చూడటం మీ మెకానిక్కుకు తెలిసిన పనే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉండకూడదు. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్టు చేసినప్పుడే నీలం పొగ, శబ్దాలు బయటపడతాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే టక టక శబ్దం వస్తుందేమో వినండి. ఏసీ వేసి అరగంట నడపండి. మీటరు 40,000 కిలోమీటర్లు చూపిస్తూ పెడళ్ల రబ్బరు అరిగిపోయి ఉంటే మీటరు వెనక్కి తిప్పారని అనుకోవాలి. టైరు మీద నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

కాగితాలు, పేరు మార్పు

పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి యజమాని పేరు, ఎన్నో యజమాని, ఫైనాన్స్ ఉందా, చలానాలు ఉన్నాయా చూసుకోవాలి. పాత పశ్చిమ గోదావరి బండ్లకు ఏపీ 37 ఉంటుంది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వరుస మొదలైంది కాబట్టి, నంబరును బట్టి బండి ఏ జిల్లాదో ఇప్పుడు తెలియదు. ఆర్సీలో చిరునామా చదవాలి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద స్వయంగా పోల్చుకోవాలి. ఫైనాన్స్ తీరి ఉంటే బ్యాంకు ఎన్‌వోసీతోపాటు ఫారం 35 తీసుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. కన్సల్టెన్సీవాళ్లు ఖాళీ ఫారాల మీద సంతకాలు అడిగితే పెట్టవద్దు.

కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండేవారు కూడా పాత బండి అమ్మేటప్పుడు ఏమరుపాటుగా ఉంటారు. తాళాలిచ్చి, డబ్బు తీసుకుని వచ్చేస్తారు. ఆ బండి నాలుగు చేతులు మారి ఎక్కడో మనిషిని గుద్దితే నోటీసు వచ్చేది ఆర్సీలో పేరున్న రైతుకే. అమ్మేసినా రికార్డులో పేరు మారనంత కాలం పరిహారం బాధ్యత ఆ పేరున్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఎకరం అమ్మినా తీరని పరిహారాలు ఉంటాయి. రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు, 30 రోజుల్లోగా కొన్నవారు రవాణా శాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. డబ్బులో కొంత పేరు మార్పు అయ్యేదాకా ఆపుకోవడం కొన్నవారికి ధైర్యం. మార్పు దరఖాస్తు రసీదు లేకుండా తాళాలివ్వకపోవడం అమ్మినవారికి రక్ష.

డబ్బు ఎక్కడి నుంచి?

సెకండ్‌హ్యాండ్ కారు అప్పుకు కొత్త కారు కన్నా వడ్డీ ఎక్కువ. అందుకని కొందరు పంట రుణం సొమ్ము ఇటు మళ్లిస్తారు. 3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి వస్తుంది, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. కారుకు పెట్టిన సొమ్ము పంట ఇవ్వదు. గడువు తప్పితే ఆ రాయితీ పోతుంది. ధరలో పదో వంతు టైర్లకు, బ్యాటరీకి, ఇన్సూరెన్సుకు పక్కన ఉంచుకుని మిగిలినదానికే బండి చూడాలి. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. రెండు, మూడేళ్ల పాత బండికి పాత ధర చెబుతుంటే షోరూములో కొత్తదాని ధర అడిగి మరీ బేరం చేయండి.

తెల్ల బోర్డు కారులో కిరాయికి సరుకు గానీ, మనుషులను గానీ తిప్పకూడదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వారు క్లెయిము తిరస్కరించడానికి అదొక్కటే చాలు. ఇన్సూరెన్స్ పాలసీని కూడా కొన్న 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోవాలి. పాత కారు మీద మీకు నో క్లెయిమ్ బోనస్ ఉంటే అది బండితో పోదు, మీదే. అమ్మినప్పుడు కంపెనీ నుంచి ఆ లేఖ తీసుకుంటే మూడేళ్లలోపు మరో కారుకు వాడుకోవచ్చు.