మాత్రలు లెక్కేశారు, రక్తం సంగతేమిటి?

ఎర్రమాత్ర ఎరగని ఆడవాళ్లు మనలో ఎవరున్నారు చెప్పండి? నెల తప్పి నాలుగోనెల వచ్చిందంటే చాలు, ఐరన్ మాత్రల షీట్లు చేతికొస్తాయి. 1970 నుంచీ ప్రభుత్వం వీటిని పంచుతూనే ఉంది. మరి యాభై ఏళ్లు దాటాక కూడా మన రక్తం ఇలాగే ఎందుకుంది?

మా ఇంట్లో పనిచేసే ఆమె కోడలికి ఆర్నెల్లు నిండాయి. ఆ మధ్య చూడ్డానికి వెళ్తే బియ్యం డబ్బా వెనక మూడు షీట్లు, ఒక్క మాత్రా తీయనివి! ఏమ్మా అంటే నవ్వేసింది. "కడుపులో తిప్పుద్దండీ. విరోచనం కూడా నల్లగా అవుద్ది, భయమేసి మానేశాను" అంది. రిజిస్టర్లో మాత్రం ఆ పిల్ల పేరు పక్కన మాత్రలు ఇచ్చినట్టే ఉంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఇచ్చారు. మింగిందా, రక్తం పట్టిందా అన్నది ఆ గడిలో ఇమడదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కాన్పుకి ముందు కనీసం 100 రోజులు మాత్రలు వేసుకున్నామన్న తల్లులు దేశం మొత్తంమీద 44 శాతమే. వేసుకోవాల్సిన 180 రోజులూ వేసుకున్నవాళ్లు 26 శాతం! ఇక 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత 2015-16లో 53 శాతం ఉంటే, ఈ సర్వేకి 57కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6.

అయితే ఆ కొలతమీదే పేచీ వచ్చింది. సర్వేలో వేలు గుచ్చి చుక్క తీస్తారు. రాలేదని వేలు పిండితే రక్తంలో కండలోని నీరు కలిసి లెక్క తగ్గుతుంది. 2016-18లో పిల్లల పోషణమీద జరిగిన మరో సర్వేలో నరం నుంచి రక్తం తీశారు. అందులో 1-4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతమే తేలింది. అంతకుముందు వేలు గుచ్చిన సర్వే అయిదేళ్లలోపు వాళ్లలో 58 దాటిందని చెప్పింది. తేడాకి కారణం ఇదొక్కటే కాకపోవచ్చు. ఆ తర్వాత కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్ష తీసేశారు. నరం రక్తంతో కొలిచే వేరే సర్వే పని మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి అప్పగించారు. కొలత మారి అంకె తగ్గితే మన రక్తం పెరిగినట్టా? దాన్ని చూపించి ఎవరైనా చంకలు గుద్దుకుంటారేమోనని నా అనుమానం.

నామటుకు నాకు కావాల్సిన లెక్క చిన్నది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11, మామూలప్పుడు 12 ఉండాలి. మాత్రలు మొదలెట్టినప్పుడు ఎంత, కొన్నాళ్లకి ఎంత? మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంటే ఆ తల్లీబిడ్డల కార్డు తీసి చూడండి. మొదటి అంకె పక్కన రెండో అంకె లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు నర్సమ్మని అడగండి. మాత్ర అన్నం తిన్న గంటకి వేసుకోమనండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర దాంతో కలపొద్దు. విరోచనం నల్లగా అవడం ఐరన్ వల్లే, ఆ సంగతి షీటు చేతిలో పెట్టేటప్పుడే చెప్పాలి.