వరంగల్‌కు రైలు, ఖజానాకు పూచీ

కాజీపేట, వరంగల్ మీదుగా బెజవాడకు సాగే రైలుమార్గాన్ని వేయించింది లండన్‌లో ఏర్పడిన నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ. 1883లో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడికి హైదరాబాద్ సంస్థానం 20 ఏళ్లపాటు పూచీ పడింది. అంటే వంద రూపాయల పెట్టుబడిపై రైలు రెండు రూపాయలే సంపాదిస్తే, తక్కిన మూడూ ఖజానా కట్టాలి. ఆ ఖజానాను నింపింది ప్రధానంగా రైతు కట్టిన శిస్తు. 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు బండి చేరింది. రైలు రావడం మేలే. కానీ నష్టభయాన్ని ప్రజల నెత్తిన పెట్టి, వాటాదారులను ఒడ్డున కూర్చోబెట్టిన ఒప్పందం మాత్రం అన్యాయమైనది.

పూచీ లేకపోతే పెట్టుబడి ఎవరు పెడతారని కొందరు అడుగుతారు. అమెరికాలో 1870లో పుట్టిన డెన్వర్ అండ్ రియో గ్రాండే కంపెనీనే చూడండి. ఖర్చు తగ్గించుకోవడానికి పట్టాల మధ్య మూడడుగుల ఎడం చాలనుకుని కొలరాడో కొండల్లోకి చొచ్చుకుపోయింది. 1884లో అప్పులు తీర్చలేక కోర్టు నియమించిన రిసీవర్ చేతుల్లోకి వెళ్లింది. అయినా ఆ దెబ్బ పెట్టుబడి పెట్టినవారిదే. సొంత డబ్బు పోతుందన్న భయం ఉన్నచోట పొదుపు దానంతటదే వస్తుంది. నైజాం పరిస్థితి వేరు, ఇక్కడ అంత సాహసించే మదుపరులు లేరు అనవచ్చు. కానీ సంస్థానమే సొంతంగా లైను వేయించుకోగలదు కదా: 1874లో పూర్తయిన వాడి–సికింద్రాబాద్ లైను నిజాం ఖజానా సొమ్ముతోనే పడింది. పైగా 5 శాతం పూచీ వల్ల నిర్మాణ ఖర్చులు అదుపు తప్పుతున్నాయని గ్రహించి, బ్రిటిష్ ప్రభుత్వమే 1869లో కొత్త లైన్లను తానే వేయాలని నిర్ణయించుకుంది. తాను వద్దనుకున్న పద్ధతి సంస్థానం నెత్తికెక్కుతుంటే మాత్రం అడ్డుచెప్పలేదు. ఈ నిజాం రైలు పథకం వివరాలు ప్రజల ముందు పెట్టమని హైదరాబాద్‌లో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు ఉద్యమించారు. జవాబు చెప్పడానికి బదులు, అఘోరనాథ్‌ను 1883లో సంస్థానం నుంచి బహిష్కరించారు.

ఇల్లందు బొగ్గు బయటి ఊళ్లకు చేరిందన్నా, వరంగల్ వ్యాపార కేంద్రంగా పెరిగిందన్నా రైలు చలవే కదా అన్న వాదనలో నిజముంది. అయితే అది పట్టాలు చేసిన మేలు, ఒప్పందం చేసిన మేలు కాదు. 1930లో సంస్థానం కంపెనీని కొనేసింది. అయినా బండ్లు నడుస్తూనే ఉన్నాయి. ప్రజాధనం పూచీగా ఏ ప్రాజెక్టు వచ్చినా నష్టమొస్తే ఎవరు భరించాలో ముందే అడగాలి, ఒప్పందాన్ని బయటపెట్టమని పట్టుబట్టాలి. 1883లో అడిగినవారిని వెళ్లగొట్టారు. నేడు అడగడం మన హక్కు, దాన్ని వదులుకోవద్దు.