చీటీ మీది పేరు, పంటి మీది గీతలు

అరిజోనాలోని టూసాన్‌లో ఏటా జనవరి చివర మొదలయ్యే రాళ్ల సంతకి వెళ్లిన మా మేనల్లుడు వాట్సాప్‌లో ఓ ఫొటో పెట్టాడు. అరచేతిలో రెండంగుళాల గోధుమరంగు పన్ను, పక్కన ‘స్పైనోసారస్, మొరాకో’ అని రాసిన చీటీ. ‘‘మామయ్యా, తీసేసుకోనా?’’ అన్నాడు. ‘‘తొందరపడకు, పక్కకి తిప్పి ఇంకో ఫొటో పెట్టరా’’ అన్నాను.

బజార్లో సామాన్యుడికి అందే ధరలో కనిపించే డైనోసార్ పళ్లలో చాలావరకు మొరాకోవే. ఆ దేశానికి ఆగ్నేయాన, అల్జీరియా సరిహద్దు దగ్గర కెమ్ కెమ్ అనే ఎడారి గట్లున్నాయి. ఇంచుమించు 10 కోట్ల ఏళ్ల కిందట అక్కడ పెద్ద నదులు పారేవి. ఆ నదుల ఇసుకే రాయిగా మారింది, అందులోంచే ఈ పళ్లు తవ్వి తీస్తున్నారు. ఇన్ని పళ్లెక్కడివి అంటారా? మనకి పాలపళ్లు ఊడి కొత్తవి రావడం ఒక్కసారితో సరి. డైనోసార్లకి అలా కాదు, బతికున్నన్నాళ్లూ పాతవి రాలుతూ కొత్తవి వస్తూనే ఉండేవి. కొత్త పన్ను లోపల్నుంచి తోసుకొస్తుంటే పాతదాని వేరు కరిగిపోయేది. అందుకే రాలిన పంటికి వేరుండదు, అడుగున గుంటపడి ఉంటుంది.

ఇది తెలియక కొత్తవాళ్లు వేరు లేని పన్నుని విరిగిందనుకుని పక్కన పెట్టి, నిండుగా వేరున్నదాన్ని ఎంచుకుంటారు. నిజానికి అనుమానంగా చూడాల్సింది ఆ రెండోదాన్నే. వేరుతో దొరికేవి అరుదు, అరుదు గనక ఖరీదు, ఖరీదు గనక తయారుచేసేవాళ్లూ ఉంటారు. ఒకదాని మొన, ఇంకోదాని అడుగు, మధ్యలో జిగురు కలిపిన ఇసుక. ఆ ఇసుక ముద్ద పంటి నడుముకి పట్టీ కట్టినట్టు చుట్టూ కనిపిస్తే అక్కడే ఆగాలి. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి ఒక పగులు వెంట చూపు నడపండి. పన్ను ఒక్కటే అయితే పైనున్న పగులు చాలాసార్లు వేరులోకి కూడా సాగుతుంది. రెండు ముక్కలైతే అతుకు దగ్గర తెగిపోతుంది, రంగూ ఉన్నట్టుండి మారుతుంది. జిగురులో చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. చీకట్లో యూవీ టార్చి వేస్తే చాలా రకాల జిగుళ్లు పంటికంటే వేరే రంగులో మెరుస్తాయి. అలాగని అతుకున్నదల్లా మోసం కాదు. రాతిలోంచి తీసేటప్పుడు పళ్లు విరగడం, అతికించడం మామూలే. ఆ సంగతి ముందే చెప్పి ధర తగ్గించేవాడు నిజాయితీపరుడే.

అసలు పన్నే అని తేలాక, ఎవరి పన్ను అన్నది పెద్ద చిక్కు. అక్కడి ఇంకో డైనోసార్ కార్కరోడాంటోసారస్‌ది గుర్తుపట్టడం తేలిక: కత్తిలా బల్లపరుపుగా ఉంటుంది, అంచుల వెంట సన్నటి రంపపు నొక్కులుంటాయి. గోటితో మెల్లగా రాస్తే తగులుతాయి. స్పైనోసారస్‌ది అందుకు పూర్తిగా వేరు. అడ్డంగా కోస్తే దాదాపు గుండ్రంగా కనిపించే శంకువు, అంచుకి నొక్కులుండవు, ఎనామిల్ మీద నిలువు గీతలు. చేపల్ని కోయడానికి కాదు, జారకుండా గుచ్చి పట్టుకోవడానికి పనికొచ్చే పన్ను. తంటా ఏమిటంటే, అవే నదుల్లో మొసళ్లూ ఉండేవి, వాటి పళ్లూ శంకువులే, గీతలున్నవే.

ఇక్కడే పక్క ఫొటో అక్కరకొస్తుంది. ఇలాంటి పళ్లకి మొన నుంచి కిందికి దిగే రెండు సన్నటి గట్లుంటాయి. స్పైనోసారస్ పంటికి మామూలుగా అవి వంపు తిరిగిన దిశలోనే, ఒకటి వంపు లోపలి వైపు, ఒకటి బయటి వైపు ఉంటాయి. మొసలి పంటికి వంపుకి అటూ ఇటూ, పక్కల్లో ఉంటాయి. మావాడు పంపిన రెండో ఫొటోలో గట్లు రెండూ పక్కల్లోనే ఉన్నాయి.

చీటీల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకో మాట. ‘డెల్టాడ్రోమియస్ పన్ను’ అని చీటీ కట్టి అమ్ముతుంటారు. ఆ జంతువుని 1996లో పాల్ సెరెనో బృందం వర్ణించింది, కానీ దొరికిన ఆ ఎముకల్లో తలే లేదు. తల లేని జంతువుకి పళ్లు ఎలా కలిపారో ఆ చీటీ రాసినవాడే చెప్పాలి! స్పైనోసారస్ అన్న పేరు కూడా పూర్తి ఖాయం కాదు. కెమ్ కెమ్‌లో స్పైనోసార్ కుటుంబపు జాతి ఒకటే ఉండేదా, ఎక్కువ ఉండేవా అని శాస్త్రజ్ఞుల మధ్య వాదన ఉంది. ‘స్పైనోసార్ కుటుంబానిది’ అని మాత్రమే రాసిన చీటీ చప్పగా ఉన్నా, నేను దాన్నే నమ్ముతాను.

ఎక్కడి పన్నో చెప్పని అమ్మకందారు దగ్గర అసలు కొనొద్దు. అది చట్టాన్ని దాటి వచ్చినదైనా కావచ్చు. ఉదాహరణకి, మంగోలియా తన శిలాజాల్ని బయటికి పోనివ్వదు. 2012లో న్యూయార్క్‌లో వేలానికి వచ్చిన, అక్కడి టార్బోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం కోర్టుకెక్కి, మరుసటి ఏడు వాళ్ల దేశానికే తిరిగి వెళ్లింది.

మావాడు ఫొటో అమ్మేవాడికి చూపించి గట్ల సంగతి అడిగాడట. ఆయన భూతద్దం తీసి కాసేపు చూసి, నవ్వి, ‘‘మొసలే అయ్యుండొచ్చు’’ అని ధర సగానికి దించాడు. మావాడు అది వదిలేసి, పక్క గిన్నెలోంచి వేరూ పేరూ లేని బొటనవేలి గోరంత పన్ను ఒకటి ఏరుకున్నాడు. రెండంచులకీ నొక్కులున్నాయి. ఎవరిదో ఇంకా తేల్చుకోలేదు.