‘వందేరి’ అంటే కేసు అవుతుందా?

తమిళనాడు తెలుగు ఇళ్లలో ‘వందేరి’ అన్న తమిళ మాట వినని వారు అరుదు. ఎక్కడి నుంచో వచ్చి చేరినవాడని అర్థం. నాయక రాజుల కాలం నుంచి ఇక్కడే దున్నుకుని, నేసుకుని బతుకుతున్న కుటుంబాలకు కూడా ఎన్నికలు దగ్గరపడితే ఆ మాట తగులుతూనే ఉంటుంది. మరి చట్టం ఏమంటుంది?

ముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 2024 నవంబరు 3న చెన్నై ఎగ్మూరు సభలో నటి కస్తూరి, మూడు వందల ఏళ్ల కింద రాజుల అంతఃపుర స్త్రీలకు సేవ చేయడానికి వచ్చిన తెలుగువాళ్లు ఇప్పుడు తమిళ జాతి అంటున్నారనే అర్థంలో మాట్లాడారు. గొడవ కావడంతో, తాను అన్నది కొందరిని మాత్రమేనని చెప్పి మాట వెనక్కి తీసుకున్నారు. అయినా కేసులు పడ్డాయి. మద్రాసు హైకోర్టు మదురై బెంచి ముందస్తు బెయిలు ఇవ్వలేదు. నవంబరు 16న ఆమెను హైదరాబాదులో అరెస్టు చేశారు, కొద్ది రోజులకు బెయిలు దొరికింది.

అప్పుడు ఎన్నికలు లేవు. ఎన్నికలున్నా లేకున్నా వర్తించే చట్టం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షను, అంటే పాత 153ఎ. మతం, జాతి, భాష, కులంతో పాటు పుట్టిన ఊరు, నివాసం పేరుతో వర్గాల మధ్య ద్వేషం రేపినా నేరమే. మూడేళ్ల దాకా జైలు. అయితే మనసు నొచ్చుకుందంటే చాలదు, ద్వేషం రేపే ఉద్దేశం కనబడాలి.

ఎన్నికల వేళ ప్రజాప్రాతినిధ్య చట్టం కూడా తోడవుతుంది. 123(3) ప్రకారం జాతి, భాష పేరు చెప్పి ఓటు వేయమన్నా, వేయొద్దన్నా అవినీతి చర్యే. అభ్యర్థి గానీ, ఆయన ఏజెంటు గానీ, ఆయన సమ్మతితో మరొకరు గానీ అన్నట్టు రుజువైతే గెలుపు రద్దవుతుంది. ఆరేళ్ల దాకా అనర్హత పడవచ్చు. ఇది అభ్యర్థి సొంత భాషకే కాదు, ఓటరు భాషకూ వర్తిస్తుందని 2017 జనవరి 2న ఏడుగురు జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3తో తేల్చింది. అలాగని మన బడుల్లో తెలుగు ఉండాలని ప్రచారంలో అడిగితే తప్పు కాదు. భాషను కాపాడతామని మాట ఇవ్వడం ఈ సెక్షను కిందికి రాదని 1964లోనే తీర్పు ఉంది.

బరంపురం వాళ్లు ఇదంతా తమిళనాడు గొడవే అనుకోనక్కర్లేదు. 2024 ఒడిశా ఎన్నికల్లో నవీన్ పట్నాయక్ వెనకున్న మాజీ ఐఏఎస్ అధికారి పాండియన్ తమిళుడన్నదే పెద్ద ప్రచారమైంది. ఆయన పోటీలో కూడా లేరు. పూరీ రత్నభాండాగారం తాళంచెవులు తమిళనాడుకు వెళ్లాయంటున్నారని ప్రధాని సభలో అంటే, స్టాలిన్ తప్పుబట్టారు. ఎన్నిక కాని మనిషికి అంత అధికారమేమిటని అడగడం న్యాయమే. తాళంచెవులకూ తమిళానికీ ముడిపెట్టడం వేరు. ఈసారి తగిలింది తమిళులకు. ఆ చోట తెలుగు పేరు పెట్టి చూసుకోండి.

ఇక చేయవలసిన పని. ముక్క వీడియో కోర్టులో నిలవదు. ముందూ వెనకా ఉన్న ప్రసంగమంతా, తేదీ, చోటు, అన్న మాటలు అన్న భాషలోనే రాసిపెట్టుకోవాలి. తమిళంలో అన్నదాన్ని తెలుగులోకి మార్చి ఫిర్యాదు రాస్తే పదును పోతుంది. ప్రచారం నడుస్తుండగానే సి-విజిల్ యాప్‌లోనో, రిటర్నింగ్ అధికారికో పంపాలి. గెలుపును ప్రశ్నించాలంటే హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్ వేయాలి. ఆ నియోజకవర్గం ఓటరెవరైనా వేయవచ్చు, డిపాజిట్టు 2,000 రూపాయలు. లాయరు ఖర్చు వేరు. రుజువు క్రిమినల్ కేసంత గట్టిగా ఉండాలి. గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులే. ఆలస్యమైతే కోర్టు మన్నించదు.