గుప్పుమన్న వాక్యం

కథల్లో, పద్యాల్లో చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది? హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో చెవి పెట్టి వింటే కొంత తెలుస్తుంది.

తెల్లవారకముందే చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి బంతిపూల మూటలు దిగుతాయి. తోపుడుబండి చక్రం కిర్రుకిర్రుమంటుంది. గోనెసంచి మూతి కుట్టు పర్రున ఊడుతుంది. మూట పడిన చప్పుడు రాయమంటే చాలామంది కలం 'ధబ్బున' అని రాసేస్తుంది. కానీ పూలమూట బియ్యం బస్తాలా పడదు. లోపలి గాలి బయటికి తోసుకొస్తూ బుస్సున కూలబడుతుంది. ఆ 'బుస్సు' విన్నవాడి కథలో ఇవి పూలని వేరే చెప్పక్కర్లేదు.

ఈ చప్పుడు మాటలను మనం అలంకారంగా వాడి పాడుచేస్తున్నాం. నవ్వితే కిలకిల, ఏరు పారితే గలగల. కరెంటు ఇంజిన్లు వచ్చి ఇన్నేళ్లయినా పిల్లల పాటల్లో రైలు ఇంకా చుక్‌చుక్ అంటూనే ఉంది. వినకుండా రాసిన చప్పుడు కంటే మౌనమే నయం.

నిజానికి తెలుగు రచయితకు దక్కిన సౌకర్యం చాలా పెద్దది. మన వాక్యంలో గాజులు గలగలమంటాయి, తలుపు కిర్రుమంటుంది. అంటే మనుషుల మాటను చెప్పే 'అను' క్రియనే వస్తువులకూ ఇచ్చాం. చెవితో పనిలేని వాటినీ వదల్లేదు. మల్లెల గంప మీది తడిగుడ్డ తీస్తే వాసన గుప్పుమంటుంది. కనకాంబరాలు నిగనిగలాడతాయి. అమ్ముడుపోని గులాబీలు మధ్యాహ్నానికి వెలవెలబోతాయి. వాసనకు, మెరుపుకు, దిగులుకు కూడా శబ్దం కట్టిన భాష ఇది.

ఇది తెలుగు ఒక్కదాని సొత్తు కాదు. ద్రావిడ భాషలు, ఉత్తరాది భాషలు ఈ విషయంలో ఎంత దగ్గరివో భాషావేత్త ఎమెనో 1969లో 'లాంగ్వేజ్' పత్రికలో రాసిన వ్యాసంలో చూపించాడు. ఈ మార్కెట్లో తెలుగు, దక్కనీ ఉర్దూ పక్కపక్కనే వినిపిస్తాయి. ఒకరి గాజులు గలగలమంటే మరొకరివి ఖన్‌ఖన్‌మంటాయి. రెండూ జంటగానే పలుకుతాయి.

అక్షరాల బరువు కూడా చూసుకోవాలి. వాన చినుకులు రేకు మీద టపటపమంటాయి. అదే తలుపును పిడికిలితో బాదితే దబదబ. అచ్చ తెలుగు మాటల్లో ఘ, ఝ, ఫ వంటి ఒత్తి పలికే అక్షరాలు అరుదంటారు గానీ చప్పుడు దగ్గరికొచ్చేసరికి ఆ నియమం సడలిపోతుంది. తుమ్మెద ఝుమ్మంటుంది, గజ్జె ఘల్లుమంటుంది, కొమ్మ ఫెళ్లున విరుగుతుంది. చప్పుడు మాటను ఎన్నిసార్లు అన్నామన్నదీ చూసుకోవాలి. సాధారణంగా రెండుసార్లు అంటే సాగుతున్న పని, ఒక్కసారి అంటే తెగిపోయిన క్షణం. 'గుండె దడదడలాడింది', 'గుండె ఝల్లుమంది' అన్నవి ఒకదాని బదులు ఒకటి రాయదగ్గవి కావు. మొదటిదానిలో భయం కాసేపు నిలబడుతుంది. రెండోదానిలో ఒక్క దెబ్బన తాకుతుంది.

చుక్క సత్తయ్య వంటి ఒగ్గుకథ కళాకారులకు ఇదంతా ఎవరూ పాఠంగా చెప్పనక్కర్లేదు. వాళ్ల కథనంలో నోటిమాట ఎక్కడ ఆగాలో, డోలు ఎక్కడ అందుకోవాలో చెవే నిర్ణయిస్తుంది. అచ్చులో కథ రాసేవాడికి డోలు లేదు. ఆ పని కూడా అక్షరమే చెయ్యాలి.

చేయించినవాడు పోతన. గజేంద్రమోక్షంలో విష్ణువు వెంట లక్ష్మీదేవి పరుగు తీసే కంద పద్యం గుర్తుందా? భర్తను అడుగుదామని వేగంగా కదులుతుంది, అడిగినా చెప్పడేమోనని ఆగుతుంది. అక్కడ అందెలు ఘల్లుమన్నాయని పోతన ఎక్కడా రాయలేదు. 'డ'కారాన్ని ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ పోయాడు. గబగబా చదవబోతే నాలుకే తడబడుతుంది. పైకి చదివినవాడి నోట్లోనే లక్ష్మి అడుగు వేస్తుంది, వెయ్యలేక ఆగుతుంది.